దాచిన జబ్బు మానదు

ఏటా జూన్ 26వ తేదీ వస్తుంది. మాదకద్రవ్యాల దుర్వినియోగానికి, అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రపంచమంతా ఆ రోజును పాటించాలని 1987లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. ఆనాటి నుండి ఇది ఒక ఆనవాయితీ అయింది. బడిపిల్లలు అట్టల మీద పుర్రె బొమ్మలు గీసి, నినాదాలు రాసి, ఎండలో బారులు తీరి నడుస్తారు. కూడలిలో ఒక పెద్దమనిషి ప్రసంగిస్తారు. అందరూ చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. మంచిదే. చిన్నతనంలో చెవిన పడిన మంచిమాట ఊరికే పోదు.

అయితే ప్రియ పాఠకులారా, ఆ ఊరేగింపు సాగిపోతున్నప్పుడు టీ బంకు పక్కన నిలబడి చూస్తున్న ఒక మనిషి గురించి ఈ వారం కాసేపు ఆలోచించండి. అతని చేతిలో గ్లాసు వణుకుతూ ఉంటుంది. పొద్దున్నే కాస్త మందు పడితే గాని ఆ వణుకు తగ్గదు. తాగుడు చెడ్డదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ సంగతి మనందరికంటే అతనికే బాగా తెలుసు. భార్య మెడలో పుస్తెలు ఎక్కడికి పోయాయో, కూతురు తన స్నేహితురాళ్ళను ఇంటికి ఎందుకు పిలవదో అతనికి తెలుసు. ఆ పుర్రె బొమ్మ అతనికి చెప్పింది ఒక్కటే: "నువ్వు చచ్చిపోతావు." ఎక్కడికి వెళ్ళాలో చెప్పిందా? ఎవరి తలుపు తట్టాలో చెప్పిందా? బాగుపడి తిరిగివస్తే ఊరు తనను ఏ కళ్ళతో చూస్తుందో చెప్పిందా?

ప్రజలను మేల్కొల్పడానికి చేసే ప్రచారం ఎవరిని మేల్కొల్పాలి? తాగేవాణ్ణా, అతని చుట్టూ ఉన్న మనలనా? ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు మీద కొందరి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

38 మందిలో ఒక్కరు

భారత ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో మద్యం తాగేవారు దాదాపు 16 కోట్ల మంది. వారిలో సుమారు 2.9 కోట్ల మంది మద్యానికి పూర్తిగా బానిసలయ్యారు. ఇవి పెద్ద అంకెలే. కాని మనలను నిలదీయవలసిన అంకె మరొకటి ఉంది. అలా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందిందని చెప్పినవారు 38 మందిలో ఒక్కరే. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు.

మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? మన ఇళ్ళలోనే ఉన్నారు. ఆసుపత్రులు చాలకపోవడం ఒక కారణం. డబ్బు లేకపోవడం ఇంకొక కారణం. వీటితో పాటు మనం అంతగా మాట్లాడని కారణం సిగ్గు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెతను మనం పాలతో పాటు తాగి పెరిగాం. భర్త తాగి పడిపోతే "జ్వరం వచ్చింది" అని భార్య ఆఫీసుకు కబురు పంపుతుంది. కొడుకు చేసిన అప్పును తండ్రి చడీచప్పుడు లేకుండా తీరుస్తాడు. ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్ల ఉంటే ఆ గుట్టు మీద మరో తాళం పడుతుంది. గుండెజబ్బు వస్తే ఊరంతటికీ చెప్పి ప్రార్థనలు చేయించుకునే కుటుంబం, ఈ జబ్బు వస్తే విచారణ గురువులకు కూడా చెప్పదు.

పాపమా, జబ్బా?

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇది జబ్బు అంటే అతని తప్పేమీ లేదన్నట్టే కదా? తాగమని ఎవరు చెప్పారు? కొవ్వెక్కి తాగినవాణ్ణి రోగి అని ముద్దు చేస్తే, కష్టపడి బతికే వాళ్ళకు న్యాయం ఏది?" ఈ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకూడదు. తాగిన చేతి దెబ్బలు తిన్న ఇల్లాలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

ముందు శరీరం సంగతి చూద్దాం. ఏళ్ళ తరబడి మద్యం పడుతూ ఉంటే మెదడు దానికి అనుగుణంగా మారిపోతుంది. మద్యం ఉంటేనే అది నిలకడగా పని చేస్తుంది. ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు వస్తాయి. మరికొందరికి ఆ తరువాతి రోజుల్లో లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే బాగా ముదిరిన తాగుడును ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించబోవడం ప్రమాదం. దీనికి ఆసుపత్రిలో మందులున్నాయి, విటమిన్లున్నాయి, కనిపెట్టి చూసే నర్సులున్నారు. ఇచ్ఛాశక్తి ఒక్కటే చాలదని ఇందువల్ల తెలుస్తుంది.

ఇక ఆత్మ సంగతి. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఈ విషయంలో ఎంతో వివేకంగా మాట్లాడింది. అలవాటు, భయం, అదుపు తప్పిన వ్యామోహం వంటివి ఒక మనిషి చేసిన పనికి అతని బాధ్యతను తగ్గించవచ్చుననీ, ఒక్కోసారి పూర్తిగా తొలగించవచ్చుననీ అది బోధిస్తుంది (1735). మద్యంలో మితిమీరడం తప్పు కాదని ఆ గ్రంథం ఎక్కడా అనలేదు. మితం పాటించమనే చెప్పింది (2290). తప్పును తప్పని చెబుతూనే, ఆ మనిషి మీద ఎంత నేరం మోపాలన్నది మన చేతిలో లేదని గుర్తు చేసింది.

కాబట్టి పాపమా, జబ్బా అన్న ప్రశ్నను రెండుగా విడదీయాలి. మొదటి గ్లాసు ఎత్తిన రోజున అతని తప్పు ఎంత అన్నది ఒక ప్రశ్న. ఈ రోజు అతనికి ఏం కావాలి అన్నది మరొక ప్రశ్న. మొదటిది అతనికీ దేవునికీ మధ్య పాపసంకీర్తనంలో తేలుతుంది. రెండవది మన అందరి ముందూ ఉంది. తీపి మానక మధుమేహం ముదరబెట్టుకున్న రోగిని డాక్టరు గుమ్మం బయట నిలబెట్టి విచారణ జరపడు కదా! ముందు లోపలికి రమ్మంటాడు. లోపలికి వచ్చాక ఆ రోగికీ ఒక బాధ్యత ఉంది: మందు వేసుకోవాలి, పథ్యం పాటించాలి. తాగుడు జబ్బు అనడం వల్ల మనిషి బాధ్యత పోదు. తాను చేయగలిగిన పని ఏదో అతనికి తెలుస్తుంది. కొట్టిన దెబ్బకు క్షమాపణ అడగడం, అమ్మిన నగకు లెక్క చెప్పడం, మళ్ళీ సంపాదించి ఇంటికి తేవడం, ఇవన్నీ ఆ చికిత్సలో భాగాలే. అంతవరకు దెబ్బలు తింటూ పడి ఉండమని భార్యకు బోధించే హక్కు మనకెవరికీ లేదు. ఆమె, పిల్లలు క్షేమంగా ఉండడం ముందు మాట.

ఒక తలుపు మూస్తే చాలదు

మన రాష్ట్రం తాగుడు మీద చేసిన పోరాటం ప్రపంచానికి తెలిసినదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద మహిళలు 1992 నాటికి తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వాళ్ళ కథే అక్షరాస్యతా వాచకంలో పాఠమై ఊరూరికీ పాకింది. సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ తల్లుల ధైర్యానికి తలవంచి నమస్కరించాలి. వీధి బడిలో పలక పట్టుకున్న స్త్రీలు ప్రభుత్వాలను కదిలించారు. ప్రజాప్రచారం అంటే ఏమిటో వాళ్ళే మనకు నేర్పారు. దుకాణం మూయించడం వాళ్ళు చేయగలిగిన పని, చేసి చూపించారు. కాని అప్పటికే బానిసలైన మగవాళ్ళకు చికిత్స అందించడం వాళ్ళ పని కాదు. అది ప్రభుత్వమూ, వైద్యులూ, మనలాంటి సంఘాలూ చేయవలసిన పని. ఆ సగం పని మిగిలిపోయింది.

మిగిలిపోయిన ఆ పని ఎంత బరువైనదో 2020లో తెలిసివచ్చింది. లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, మతి చలించి వచ్చేవారి సంఖ్య విపరీతంగా పెరిగింది. ఆ ఏడాది జూలై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త విని మనలో కొందరు "వాళ్ళ కర్మ" అన్నారు. క్రైస్తవులం అనదగిన మాటేనా అది? దుకాణం తలుపు మూసినప్పుడు ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలి. అది తెరిచి ఉందని అతనికి తెలిసి కూడా ఉండాలి. ఆ తెలియజేయడాన్నే నేను ప్రచారం అంటున్నాను.

పూలగదిలో దాచిన రోగి

ఈ పని ఎలా మొదలవుతుందో చెప్పడానికి మనవాళ్ళ కథే ఒకటుంది. అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో 1935లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే. ఒకరికొకరు తోడుగా నిలిచి మానేశారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం అలా పుట్టింది. అయితే ఆ రోజుల్లో తాగుడు రోగులకు ఆసుపత్రులు మంచం ఇచ్చేవి కావు. ఆ పట్టణంలోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకునే బాధ్యత ఇగ్నేషియా అనే మఠకన్యది. ఐర్లండులో పుట్టిన ఆ సిస్టరుగారు 1939 ఆగస్టులో డాక్టర్ బాబ్ మాట మీద ఒక తాగుడు రోగిని చేర్చుకున్నారు. రికార్డులో మాత్రం "కడుపులో వాపు" అని రాశారు. పడుకోబెట్టడానికి చోటు లేక, రోగులకు వచ్చిన పూలను సర్దే చిన్న గదిలోకి అతని మంచం తోయించారు.

ఆ చిన్న గది నుండి మొదలై కొన్నేళ్ళలో తాగుడు రోగుల కోసమే ఒక వార్డు వెలిసింది. కోలుకుని వెళ్ళే ప్రతి రోగికీ సిస్టరుగారు యేసు తిరుహృదయ పతకం ఒకటి ఇచ్చేవారు. మళ్ళీ తాగాలనిపిస్తే, తాగే ముందు వచ్చి ఆ పతకం తిరిగి ఇచ్చి వెళ్ళమనేవారు. ఆ మాటలో ఎంత తెలివి ఉందో చూడండి! బెదిరింపు లేదు, శాపం లేదు. దారి తప్పబోయే క్షణంలో ఒక మనిషి ముఖం గుర్తుకు రావాలి. ఆ ముఖం చూడడానికి అతను భయపడకూడదు.

దాచిపెట్టి చేసిన ఈ మేలు బహిరంగం కావడానికి మరికొందరి ధైర్యం అవసరమైంది. తాగుడు నుండి కోలుకున్న మార్టీ మాన్ అనే మహిళ 1944లో దేశవ్యాప్త ప్రచారం ప్రారంభించింది. ఆమె చెప్పినవి మూడే మాటలు: ఇది జబ్బు, ఇతను రోగి; ఇతనికి సాయం చేయవచ్చు, చేయడం సార్థకం; ఇది ప్రజారోగ్య సమస్య కనుక బాధ్యత ప్రజలందరిదీ. 1976 మే నెలలో వాషింగ్టనులో 50 మందికి పైగా ప్రముఖులు వేదిక ఎక్కి, తాము తాగుడు నుండి కోలుకున్నవారమని పేరు పెట్టి చెప్పుకున్నారు. చంద్రుని మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ వారిలో ఒకరు. 1989 నుండి ఆ దేశంలో సెప్టెంబరు నెలను, చికిత్స ఫలిస్తుందని చాటే నెలగా పాటిస్తున్నారు. మన దేశంలో కూడా 2020 ఆగస్టు 15న నశా ముక్త్ భారత్ అభియాన్ 272 జిల్లాల్లో ప్రారంభమైంది.

పుర్రె బొమ్మకూ ఈ మూడు మాటలకూ తేడా గమనించారా? పుర్రె చావును చూపిస్తుంది. కోలుకున్న మనిషి దారి చూపిస్తాడు.

గుట్టు వేరు, మర్యాద వేరు

"అయితే ఇంటి సంగతి మైకులో చెప్పమంటారా?" అని మీరు అడగవచ్చు. వద్దు. వేదిక ఎక్కి చెప్పడం కోలుకున్నవారు తమంతట తాము ఎంచుకోవలసిన పని. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు పేర్లు బయటపెట్టకపోవడం ఒక నియమంగా పాటిస్తారు. ఒకరి జబ్బు మరొకరికి కబుర్లు కావడం అన్యాయం. ఆదివారం పూజ ముగిసి గుడి ముంగిట నిలబడి "ఫలానా ఆయన సెంటర్లో చేరాడట" అని గుసగుసలాడితే, మరో నాలుగు కుటుంబాల నోరు మనమే కుట్టినట్టు. నిజం చెప్పవలసింది అందరికీ కాదు, సాయం చేయగలవారికి: డాక్టరుకు, గురువుకు, నమ్మకమైన ఒక బంధువుకు. వారికి కూడా చెప్పకపోవడమే గుట్టు. మిగతావారికి చెప్పకపోవడం మర్యాద.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. "రోగికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం" అనే ప్రకటనలు గోడల మీద చూస్తుంటాం. కూరలో, టీలో మందు కలిపి పెట్టే ఇల్లాళ్ళున్నారు. వాళ్ళ బాధ అర్థం చేసుకోదగినదే. కాని తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఒక మందు, వేసుకున్న మనిషి మద్యం తాగితే గుండె దడ, వాంతులు తెప్పిస్తుంది. తెలియక తాగినవాడికి ప్రాణాపాయమే కలగవచ్చు. పైగా మోసంతో మొదలైన చికిత్సలో నమ్మకం ఎక్కడిది? సంకెళ్ళు వేసి కొట్టే కేంద్రాలు కూడా చికిత్సా కేంద్రాలు కావు. తాగుడు రోగులకు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చింది. చేర్చే ముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషను ఉందో లేదో అడగండి. అడగడం మీ హక్కు.

పెద్దకొడుకుకు ఒక మాట

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ మనకు కంఠోపాఠం. చిన్నవాడికి తన దురవస్థ తెలియడానికి ఊరేగింపు అవసరం కాలేదు. పందుల మధ్య ఆకలితో ఉన్నప్పుడే బుద్ధి తెచ్చుకున్నాడు. తండ్రి ఇంట్లో కూలివాళ్ళకు కూడా కడుపునిండా అన్నం దొరుకుతుందన్న జ్ఞాపకమే అతణ్ణి లేపింది. ఆ కథలో ఇంకా మేల్కొనవలసినవాడు ఒకడు మిగిలాడు. వాడు గుమ్మం బయట నిలబడిన పెద్దకొడుకు. తమ్ముడు వచ్చాడంటే లోపలికి రానన్నాడు. నిజం చెప్పాలంటే, మన ప్రచారమంతా ముందుగా ఆ పెద్దకొడుకు కోసం జరగాలి. ఆ పెద్దకొడుకు మన విచారణల్లో మనమే.

చికిత్స ముగించుకుని వచ్చినవాణ్ణి మనం ఎలా ఎదుర్కొంటాం? "చూద్దాం, ఎన్నాళ్ళుంటాడో. కుక్కతోక వంకర పోతుందా?" అంటాం. ఆ మాటే అంటూ, పెళ్ళి విందులో అతని భుజం మీద చేయి వేసి "ఏం బావా, ఒక్క గుక్క వేస్తే కొంప మునుగుతుందా?" అని కూడా మనమే అంటాం. అవును, మునుగుతుంది! క్రిస్మస్ రోజున, బాప్తిస్మ విందులో, చివరికి దినం భోజనాల్లో కూడా మందు పోస్తే గాని మర్యాద కాదనుకునే ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. కోలుకుంటున్న ఒక్క మనిషి కోసం ఆ పంక్తిలో సీసా తీసివేయడం తపస్సు కాలంలో చేసే ఏ ఉపవాసానికీ తీసిపోదు.

ఈ జబ్బు తిరగబెట్టే స్వభావం కలది. ఉబ్బసం తిరగబెడితే రోగిని తిట్టం, మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకువెళతాం. ఇక్కడా అంతే. డబ్లిన్ నగరంలో మాట్ టాల్బట్ అనే కూలీ చిన్నతనం నుండే తాగి, 1884లో 28 ఏళ్ళ వయసులో మద్యం ముట్టనని ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞ మొదట చేసింది మూడు నెలలకే! ఆ మూడు నెలలు గడిచాక మళ్ళీ చేశాడు. అలా సాగి 1925లో పూజకు వెళుతూ దారిలో చనిపోయేదాకా మద్యం ముట్టలేదు. 1975లో శ్రీసభ ఆయనను పూజనీయునిగా ప్రకటించింది. కాబట్టి మీ ఇంట్లోవాడు "ఈ ఒక్క వారం తాగను" అంటే నవ్వకండి. ఆ వారానికి తోడుండండి.

విచారణలో మనం చేయగల పనులు ఖర్చుతో కూడినవి కావు. ప్రభుత్వం నడిపే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు 14446ను గుడి నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని దాని పక్కనే రాయవచ్చు. కోలుకున్నవారు సమావేశమవుతామంటే చర్చి హాలు వారానికి ఒక గంట ఇవ్వవచ్చు. తాగేవారి భార్యలు, తల్లులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది, వినడానికి ఒక సిస్టరుగారు ఉంటే చాలు. చికిత్స నుండి వచ్చినవాడికి పని ఇచ్చే మేస్త్రి ఒకరు, దుకాణదారు ఒకరు మన విచారణలో దొరకకపోరు. విశ్వాసుల ప్రార్థనల్లో కాన్సరు రోగులను తలచుకున్నట్టే, పేర్లు చెప్పకుండా వీరిని కూడా తలచుకుందాం. ఏదో ఒక ఆదివారం వెనుక బెంచీలో కూర్చున్న ఒక ఇల్లాలు అది విని, తన ఇంటి సంగతి చెప్పుకునే చోటు ఇక్కడ ఉందని గ్రహిస్తుంది.

రాబోయే జూన్ 26న పిల్లలు మళ్ళీ నడుస్తారు. ఈసారి వాళ్ళ చేతి అట్టల మీద పుర్రె బొమ్మకు బదులు ఆ ఫోన్ నంబరు, ఆసుపత్రి పేరు, "రండి, బాగవుతారు" అన్న ఒక్క మాట రాసి ఇవ్వండి. టీ బంకు దగ్గర నిలబడినవాడు అది చదువుతాడు. ఆ సాయంత్రం అతను మీ గుమ్మం దగ్గరికి వస్తే ఏం చెప్పాలో ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి.